ఫస్టు కిక్కు ఫిర్యాదు

మా బండి ఫస్టు కిక్కుకే స్టార్టవుతోంది. అయ్యా, ఇదే నా ఫిర్యాదు.

విన్నవాళ్ళందరూ "అదృష్టవంతులండీ" అంటున్నారు. వాళ్ళకేం, ఎన్నయినా అంటారు. నేను ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైనవాణ్ణి. ఏ కాగితాన్ని ఎక్కడ ఆపాలో, ఎన్నాళ్ళు ఆపితే అది తనంతట తానే చల్లబడుతుందో తెలిసినవాణ్ణి. అలాంటివాడికి రిటైరయ్యాక ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క రక్షణ 1972లో రిజిస్ట్రేషనైన బుల్లెట్టు 350. అంటే బండి అని కాదు; దాని ఆరు వోల్టుల కరెంటు, దాని పాయింట్లు, దాని అలకలు. వాటన్నిటినీ మా అబ్బాయి విప్పి అట్టపెట్టెలో పడేశాడు. చెప్పకుండా చేశాడని అనను. "నాన్నా, బండికి వైరింగంతా మార్చి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేద్దామా?" అని అడిగే చేశాడు. నేను "చూద్దాంలే" అన్నాను. నా సర్వీసు మొత్తంలో నేను "చూద్దాంలే" అన్న పని ఒక్కటీ జరగలేదు. ఇది జరిగింది.

నష్టం ఏపాటిదో తెలియాలంటే ముందు పోయిందేమిటో తెలియాలి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైననాటి నుంచీ దశాబ్దాల పాటు మన బుల్లెట్టు పెద్దగా మారలేదు. ఇంగ్లండులో రెడిచ్ ఊళ్ళో ఆ బండి కన్నవాళ్ళు 1970 నాటికి దుకాణం కట్టేసినా, ఇక్కడ అది అలాగే తయారవుతూ వచ్చింది. అందులో నిప్పు పుట్టించే ఏర్పాటు ఇంకా పాతది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఆయన 1910 ప్రాంతంలో కార్ల కోసం తీర్చిదిద్దిన పద్ధతి. బ్యాటరీ కరెంటు కాయిల్లోకి వెళుతుంది. దారిలో రెండు బుల్లి బొత్తాములు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, వాటినే పాయింట్లంటారు. కామ్ తిరిగి వాటిని విడదీసిన క్షణాన కాయిల్లో పోగైన అయస్కాంత శక్తి ఒక్కసారి కుప్పకూలుతుంది. అప్పుడు ఆరు వోల్టులు కాస్తా వేల వోల్టులై ప్లగ్గు కొసన నిప్పురవ్వ దూకుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందంటే ఆ పాయింట్లు 1500 సార్లు విడిపోయి 1500 సార్లు కలుస్తున్నాయన్నమాట. విడిపోయినప్పుడు మధ్య ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. అంత చాకిరీ చేసేదానికి అప్పుడప్పుడు ఒంట్లో బాగుండదంటే అందులో దాని తప్పేముంది?

పాయింట్లు కాలి గుంటలు పడతాయి. వాటిని తోసే ఫైబరు ముక్క అరిగితే ఎడం తగ్గుతుంది, ఎడం తగ్గితే టైమింగు వెనకబడుతుంది. వానాకాలం మూత లోపలికి తేమ చేరుతుంది. ఇవి కాక పక్కనే కండెన్సరని చిటికెన వేలంత డబ్బా. పాయింట్లు విడిపోయేటప్పుడు అక్కడే నిప్పులు చిమ్మకుండా కాసేది అదే. దాని ఆరోగ్యం చెడిందంటే వేడెక్కితే అలుగుతుంది, చల్లారితే పలుకుతుంది. మా ఊళ్ళో సత్యనారాయణపురం నుంచి బెంజి సర్కిల్ దాకా లక్షణంగా వచ్చిన బండి అక్కడ ఠక్కున ఆగిపోతుంది. అరగంట చెట్టు నీడన నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. ఆ అరగంటల పుణ్యమా అని నేను తెల్లవారుజాము గృహప్రవేశాలకి సరిగ్గా టిఫిన్ల వేళకి చేరుకున్నాను. పెళ్ళి మాటల్లో కట్నాల దగ్గర గొడవ సర్దుమణిగి కాఫీలు వచ్చేటప్పటికి చేరుకున్నాను. ఆలస్యమైందని ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా "పాపం, బండి ఇబ్బంది పెట్టిందిట" అని రెండో వడ వేశారు.

బండి స్టార్టు చెయ్యడం కూడా అల్లాటప్పా వ్యవహారం కాదు. తాళం తిప్పి హెడ్‌లైటు నెత్తిన ఉన్న ఆమీటరు చూడాలి. పాయింట్లు కలిసి ఉంటే ముల్లు మైనస్ వైపు ఒరుగుతుంది. విడిపోతే నడిమి గీత మీదికొచ్చి నిలబడుతుంది. ఎడమచేత్తో డీకంప్రెసర్ మీట నొక్కి పట్టుకుని కిక్కు రాడ్డు మెల్లిగా తొక్కుతూ పోవాలి. లోపల గాలి "చుస్సు" మంటుంటే కళ్ళు ముల్లు మీదే ఉంచాలి. అది నడిమికి రాగానే ఆపాలి. మీట వదలాలి. రాడ్డు పైకి రానిచ్చి, ఇష్టదైవాన్ని తలుచుకుని, ఒంటి బరువంతా దాని మీద వేసి ఒక్క తొక్కు తొక్కాలి. టైమింగు ముందుకు జరిగిన రోజున రాడ్డు ఎదురు తన్ని పిక్క వాచిపోతుంది. మెకానిక్కులు దీన్ని "బ్యాక్ కొట్టడం" అంటారు. ఆ దెబ్బలకి నేను పెట్టిన క్యాజువల్ లీవులన్నీ నూటికి నూరుపాళ్ళు నిజమైనవి. నా సర్వీసు రిజిస్టరులో అంత నిజాయితీ గల ఎంట్రీలు మరి లేవు.

ఈ తతంగమంతా గుమ్మం ముందు, వీధిలో అందరూ చూస్తుండగా జరిగేది. మనిషి పాటుపడుతున్నాడని ఇంట్లోవాళ్ళకి కళ్ళకి కట్టినట్టు తెలిసేది. ప్లగ్గు విప్పి, తుడిచి, హెడ్డుకి ఆనించి కరెంటు వస్తోందో లేదో చూసేవాణ్ణి. పాయింట్ల మధ్య ఎమెరీ కాగితం పెట్టి గీకేవాణ్ణి. టైమింగు చూడ్డానికి సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం ముక్క ఇరికించి, అది జారే చోటు కోసం ఊపిరి బిగబట్టి లాగేవాణ్ణి. ఈ కాగితం కోసం నేను దాచుకున్న ఖాళీ సిగరెట్టు పెట్టెలు మా ఆవిడ కంటపడి ఒకసారి వేరే పంచాయితీ అయింది, అది ఇక్కడ అప్రస్తుతం. మొత్తానికి చొక్కా తడిసి వీపుకి అంటుకునే సమయానికి లోపల్నించి మజ్జిగ గ్లాసు వచ్చేది. గ్లాసు వెనకాలే "పోనీలెండి, ఆటోలో వెళ్ళొస్తాన్లెండి" అన్న మాట వచ్చేది. ఆ మాట చెవిన పడ్డాక నాలుగు నిమిషాలకి బండి స్టార్టయ్యేది. అది కేవలం యాదృచ్ఛికం. ఎవరేమనుకున్నా నేనింతే చెబుతాను.

ఇక రాత్రి సంగతి. ఆరు వోల్టుల దీపం ముందు మిణుగురు నయం. లెక్క చిన్నదే: 30 వాట్ల బల్బుకి పన్నెండు వోల్టులైతే రెండున్నర ఆంపియర్లు చాలు, ఆరైతే అయిదు ఆంపియర్లు కావాలి. యాభై ఏళ్ళ తీగలు, తుప్పు పట్టిన కనెక్షన్లు దాటుకుని అంత కరెంటు బల్బు దాకా వచ్చేటప్పటికి అందులో మిగిలేది అంతంత మాత్రం. సిగ్నల్ దగ్గర ఆగితే దీపం కొడిగడుతుంది, యాక్సిలేటర్ తిప్పితే కొంచెం కళ్ళు తెరుస్తుంది. కాబట్టి చీకటిపడ్డాక నేను బండి తియ్యను. ఇది ఇంట్లో శాసనం. మా బావమరిది హైదరాబాదు నుంచి ఎక్కే రైలు ఇక్కడికి తెల్లవారుజామున వస్తుంది. ఇన్నేళ్ళూ ఆయన స్టేషన్ బయట ఆటోవాళ్ళతో తానే బేరమాడుకుని, తెల్లారేదాకా నా నిద్ర చెడగొట్టకుండా మర్యాదగా వచ్చేవాడు. బావగారి బండికి లైటు లేదని ఆయనకి తెలుసు. మా బంధుత్వం చెక్కుచెదరకుండా నిలిచిందంటే ఆ బల్బు చలవే.

ఇలా నడుస్తున్న సంసారంలోకి మా వాడు మల్టీమీటరు పట్టుకుని దిగాడు.

వాడిది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. మీటింగులో మైకు ఆపేసి మోటార్ సైకిలు పని చేసుకోవచ్చన్న సదుపాయం ఆ ఉద్యోగం ఇచ్చిన కంపెనీకి తెలిసినట్టు లేదు. రోజుకో పార్శిలు దిగింది. డైనింగ్ టేబులు మీద పాత బెడ్‌షీటు పరిచి, బండిలోంచి లాగిన వైరింగు సెట్టు దాని మీద పొడుగ్గా పడుకోబెట్టాడు. పనయ్యేదాకా మేమంతా కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. బుల్లెట్ కనెక్టర్లు ధనియాల డబ్బాలోకి, లగ్గులు మెంతుల డబ్బాలోకి చేరాయి. నేను ఒక్క స్క్రూ డైనింగ్ టేబులు మీద పెట్టినందుకు 1998లో పడ్డ తిట్లు నాకు ఇంకా గుర్తున్నాయి. వాడినెవరూ ఏమీ అనలేదు. "పాపం, ఎంత శ్రద్ధగా చేసుకుంటున్నాడో చూడండి" అంది మా ఆవిడ.

ఆ పాత సెట్టుకి గుడ్డ తొడుగు ఉండేది. అది చీకిపోయి చేత్తో ముట్టుకుంటే పొడి రాలుతోంది. వాడు బ్లేడుతో తొడుగు కోసి ఒక్కొక్క తీగా బయటికి తీస్తూ నన్ను కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టాడు.

"నాన్నా, హారన్ వైరు మధ్యలో ఈ కాలింగ్ బెల్ వైరు ఏమిటి?"

అది తెనాలి నుంచి వస్తూ దుగ్గిరాల దగ్గర ఎలక్ట్రికల్ షాపులో జానెడు అడిగి తెచ్చి వేసింది. ఆ రోజున ఇంకేమీ దొరకలేదు.

"ఈ అతుక్కి బ్యాండేజీ పట్టీ ఉంది."

ఇన్సులేషన్ టేపు అయిపోయింది. పట్టీకి జిగురు ఉంటుంది. అది ఇన్నేళ్ళు పనిచేసిందా లేదా?

"మరి ఫ్యూజుకి ఈ వెండి కాగితం?"

దేశంలో ఆ రోజుల్లో ఫ్యూజుకి సిగరెట్టు పెట్టె కాగితం చుట్టని వాహనం ఉంటే చూపించమన్నాను. "అలా చుడితే ఫ్యూజు కాలదు నాన్నా, దాని బదులు వైరు కాలుతుంది" అంటూ సీటు కిందనుంచి వచ్చిన తీగ ఒకటి ఎత్తి చూపించాడు. మూరెడు పొడుగున తొడుగు కరిగి నల్లగా పక్క తీగకి అంటుకుపోయి ఉంది. దాన్ని ఫోన్లో ఫొటో తీసి ఎవరెవరికో పంపించాడు. తండ్రి పరువు తీసే విద్యలు ఎన్ని పెరిగాయో చూడండి.

ఎర్తు దగ్గర ఇంకా అవమానం జరిగింది. పాత పద్ధతిలో బండి ఫ్రేమే ఒక తీగ. కరెంటు ఇనుములోంచి బ్యాటరీకి తిరిగొస్తుంది. హెడ్‌లైటు మసకకి అసలు కారణం ఇదని వాడి తీర్పు. 2005లో నేను ముచ్చటపడి బండికి పెయింటు వేయించినప్పుడు ఎర్తు బోల్టు కింద కూడా పెయింటు పడిందట. పెయింటులోంచి కరెంటు పోదట. మల్టీమీటరు సూది ఒకటి బోల్టుకి, ఒకటి బ్యాటరీకి పెట్టి "విన్నావా?" అన్నాడు. నాకేమీ వినిపించలేదు. అదే పాయింటట: కనెక్షన్ ఉంటే కుయ్యిమనాలి. తర్వాత వాడు ఫ్రేముని నమ్ముకోకుండా ప్రతి దీపానికీ విడిగా నల్ల ఎర్తు తీగ లాగాడు. ఫ్యూజు ఒకటి ఉన్నచోట నాలుగు పెట్టాడు. హెడ్‌లైటుకి రిలే పెట్టాడు. అతుకులన్నీ నొక్కి, స్లీవు తొడిగి, దేవుడి గదిలోని అగ్గిపెట్టె తెచ్చి వెచ్చబెడితే ఆ స్లీవు తీగని గట్టిగా కావిలించుకుంది. చివరికి ఏ రంగు తీగ ఎక్కణ్నుంచి ఎక్కడికో గీసిన బొమ్మకి లామినేషన్ చేయించి పంచాంగం క్యాలెండరు పక్కన మేకుకి తగిలించాడు. మా ఆవిడ ఇప్పుడు తిథి చూసుకుంటూ బ్రేకు లైటు తీగ గోధుమరంగా ఎరుపా అన్నది కూడా చూస్తోంది.

ఇంజను దగ్గర చేసిన పని అసలు నేరం. చార్జింగు కోసం స్టేటర్ కాయిల్సు మార్చాడు, రెగ్యులేటర్ రెక్టిఫయరు బిగించాడు, పన్నెండు వోల్టుల బ్యాటరీ, బల్బులు, హారను, ఇగ్నిషన్ కాయిలు దించాడు. పాయింట్ల మూత తీసి, నా పాయింట్లూ కండెన్సరూ విప్పి, వాటి స్థానంలో ఇరుసుకి చిన్న అయస్కాంతం, దాని ఎదురుగా ఒక సెన్సరు పెట్టాడు. అయస్కాంతం ఎదురుపడ్డప్పుడల్లా సీటు కింద నల్ల డబ్బాలో ట్రాన్సిస్టరు కాయిల్ కరెంటు ఆపేస్తుంది, నిప్పురవ్వ దూకుతుంది. ఒకదాన్నొకటి తాకేది లేదు, అరిగేది లేదు, కాలి గుంటలు పడేది లేదు. అయస్కాంతానికి తేమ అంటే భయం లేదు. కండెన్సరు అలకకి తావే లేదు. ఇంజను తిరగనప్పుడు ఆ డబ్బా కాయిల్‌కి కరెంటు ఇవ్వదు గనక తాళం తిప్పినా ఆమీటరు ముల్లు కదలదు. నలభై ఏళ్ళు నాతో సంప్రదించకుండా ఏ పనీ చెయ్యని ముల్లు ఇప్పుడు నడిమి గీత మీద కూర్చుని నా వైపు చూడటం మానేసింది.

నేను మర్నాడు పొద్దున్నే పిక్కకి గుడ్డ చుట్టుకుని, డీకంప్రెసర్ మీద చెయ్యి వేసి, ఊరికే రాడ్డు మీద కాలు పెట్టి చూశాను. స్టార్టయింది. ఆపేసి మళ్ళీ తొక్కాను. మళ్ళీ స్టార్టయింది. లోపల్నించి ఎవరూ మజ్జిగ తేలేదు. సంచీ తెచ్చారు.

ఆనాటి నుంచి నా బతుకు ఇది: ఉదయం పాలు, తర్వాత కొత్తిమీర మర్చిపోయారు గనక కొత్తిమీర, పదింటికి కరెంటు బిల్లు, పన్నెండింటికి పక్కింటి పిన్నిగారి బీపీ మాత్రలు, సాయంత్రం మేనకోడలి పాట క్లాసు. బావమరిది ఫోను చేసి "బావగారూ, బండికి మంచి లైటు వచ్చిందటగా, పడుకోకండి, రైలు రైట్ టైములో ఉంది" అంటున్నాడు. లైటు సంగతీ చెప్పాలి. అది వేసుకుని మొదటిసారి రాత్రి రోడ్డెక్కినప్పుడు, ఇన్నేళ్ళు ఏ గుంతల మీదుగా నేను నిశ్చింతగా వెళ్ళొచ్చానో అవన్నీ లోతుతో సహా కనిపించాయి. ఇప్పుడు భయం భయంగా నడుపుతున్నాను. హారను కొడితే పశువులే కాదు, మనుషులు కూడా పక్కకి తప్పుకుంటున్నారు. నా కాలంలో అది కోరికగా ఉండేది, ఇప్పుడు మొహమాటంగా ఉంది.

పోనీ ఇంత చేసినవాడు ఒక్కసారి మార్కెట్టుకి వెళ్ళిరాకూడదా? "గేరు కుడికాలికి, బ్రేకు ఎడంకాలికి ఉంది నాన్నా, నాకు అలవాటు లేదు. గుద్దేస్తాను" అంటాడు. నిజమే, పాత బుల్లెట్టుకి అంతే. బాగుచెయ్యడం వాడికి వచ్చు, నడపడం నాకు వచ్చు. ఇంట్లో పనులు ఎలా పంచారో చూశారుగా.

ఆటోనగర్లో మా మెకానిక్కు అయితే "ఏంటి సార్, బండి అమ్మేశారా?" అని ఫోను చేశాడు. అక్కడ బెంచీ మీద కూర్చుని ఇంజను చల్లారేదాకా దినపత్రిక మొదటి పేజీ నుంచి వర్గీకృత ప్రకటనల దాకా చదివేవాణ్ణి. రాజకీయాలు, పెన్షన్లు, ఎవరి అల్లుడు ఎక్కడున్నాడు అన్నీ అక్కడే తేలేవి. ఇప్పుడు ఏ సాకుతో వెళ్ళను?

నల్ల డబ్బా మీద నేను కొంత ఆశ పెట్టుకున్న మాట నిజం. పాయింట్లు నలతగా ఉంటే ముందే దగ్గి చెబుతాయి, ఎలక్ట్రానిక్ డబ్బా మాత్రం పోతే చెప్పాపెట్టకుండా పోతుందని విన్నాను. ఏ రోజుకైనా ఏలూరు రోడ్డు మధ్యలో పోకపోతుందా అని చూస్తున్నాను. ఈ మాట మా వాడి దగ్గర అంటే, పాత పాయింట్ల ప్లేటు కండెన్సరుతో సహా శుభ్రం చేసి, ఎడం సరిచేసి, పాలిథిన్ సంచీలో చుట్టి టూల్ బాక్సులో పెట్టానని చెప్పాడు. డబ్బా పోయినా అది బిగించుకుని ఇంటికి రావచ్చట.

చివరికి చట్టాన్ని ఆశ్రయించాను. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల కోసం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటిన టూవీలర్లు, కార్లు ఆ కింద నమోదు చేయించుకోవచ్చు. నా బండికి ఆ వయసు నిండింది. అందులో నా ప్రాణానికి ప్రాణమైన వాక్యం ఒకటి ఉంది: అలా నమోదైన వాహనాన్ని మామూలు రోజువారీ అవసరాలకి రోడ్డు మీద తిప్పకూడదు. ఆ కాగితం ప్రింటు తీయించి, వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, భోజనాల దగ్గర, టేబులు మళ్ళీ మా స్వాధీనంలోకి వచ్చింది గనక దాని మీదే పెట్టాను. కొత్తిమీర రోజువారీ అవసరమా కాదా, మీరే చెప్పండి అన్నాను.

మా వాడు ముందు చదివాడు. "బండి అసలు రూపంలోనే ఉండాలంటున్నారు. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకూడదట" అన్నాడు. నా గుండె ఒక్క క్షణం ఆగింది. వాడు చేసిన పనే నా దరఖాస్తుని ముంచేస్తుందా అని. "వైరింగు మారిస్తే ఇంజను మార్చినట్టు కాదులే, ఇగ్నిషన్ గురించి అడిగితే పాత పాయింట్లు బిగించేద్దాం, టూల్ బాక్సులో ఉన్నాయిగా" అన్నాడు. ఆ ఒక్క నిమిషం వాణ్ణి క్షమించాను.

తర్వాత కాగితం మా ఆవిడ చేతికి వెళ్ళింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందదాకా చదివింది. కొత్తగా రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 అన్నచోట ఆగి నా వైపు చూసింది. పదేళ్ళకి మళ్ళీ 5,000 అన్నచోట ఇంకోసారి చూసింది. నేను గోడనున్న లామినేషన్ బొమ్మ కేసి చూశాను.

"ప్రదర్శనలకి వెళ్ళొచ్చు, ర్యాలీలకి వెళ్ళొచ్చు" అని పైకి చదువుతోంది. "రిపేరుకి వెళ్ళొచ్చు. పెట్రోలు కొట్టించుకోడానికి వెళ్ళొచ్చు."

"అంతే. ఇంకెక్కడికీ వీల్లేదు" అన్నాను.

ఆవిడ కాగితం మడిచి ఉప్పు డబ్బా కింద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి సంచీ తెచ్చి నా పక్కన కుర్చీకి తగిలించింది.

"బంకు పక్కనే కదండీ రైతుబజారు. ముందు పెట్రోలు కొట్టించుకోండి, రసీదు తీసుకోండి. వచ్చేటప్పుడు అరకిలో దొండకాయలు, లేతవి చూసి."